నల్గొండలోనే ఉండి నాటకం మీద బతకొచ్చా?

నల్గొండ వదలకుండా సొంత నాటక సమాజం పెట్టి, నేనే డైరెక్ట్ చేస్తూ నేనే నటిస్తూ దీన్నే కెరీర్‌గా చేసుకోవచ్చా అని అడిగావు కదా తమ్ముడూ. నాటకం నడపొచ్చు, నాటకం మీద ఇల్లు మాత్రం నడవదు. నాకు టీచరు ఉద్యోగం ఉంది కాబట్టి మా సమాజం నిలబడింది. నాకు తెలిసిన దర్శకుల్లో ఎక్కువమంది బ్యాంకులోనో కరెంటాఫీసులోనో పనిచేసినవాళ్లే. 1885 నుంచి ఆడుతున్న సురభి నాటక సమాజం వాళ్లు లేరా అంటావేమో, అక్కడ కుటుంబాలకు కుటుంబాలే స్టేజీ మీద పుట్టి పెరిగాయి, ఆ లెక్క వేరు.

నేను దేవరకొండ దగ్గర మా ఊళ్లో హరిశ్చంద్రలో లోహితాస్యుడి వేషంతో మొదలుపెట్టాను. ఊళ్లల్లో వేసే పద్య నాటకానికి దర్శకుడని వేరే ఎవరూ ఉండరు. పద్యం నేర్పేది హార్మోనియం మాస్టారే, ఎవరు ఎప్పుడు స్టేజీ ఎక్కాలో చెప్పేదీ ఆయనే, గొంతు అందకపోతే పెట్టె మీద స్వరం సాగదీసి పరువు కాపాడేదీ ఆయనే. సాంఘిక నాటికకి వచ్చేసరికి ఆ బరువంతా నీ నెత్తిన పడుతుంది, పైగా నటన చెప్పించడం అందులో చిన్న పని. ఒకడికి నైట్ డ్యూటీ, ఇంకొకడింట్లో పెళ్లి, పరిషత్తు నాటిక పోటీలకు ఎంపిక చేసే స్క్రూటినీకి జడ్జీలు వచ్చే రోజే లైటింగ్ అబ్బాయి ఫోన్ ఎత్తడు.

ఆడపాత్ర సంగతి వేరుగా చెప్పాలి. మన దగ్గర ఆర్టిస్టు దొరక్కపోతే హైదరాబాద్ నుంచో తెనాలి వైపు నుంచో పిలిపించుకోవాలి, ఆమెకు ప్రదర్శనకింత అని ఇవ్వాలి. ఆమె అదే సీజన్‌లో వేరే సమాజాలకీ వేస్తుంటుంది కాబట్టి చివర్లోనే వస్తుంది, డైలాగులు బస్సులో చదువుకుంటూ వస్తుంది. బడి గదిలో బెంచీలు జరిపి, గుమ్మం ఇక్కడ, మంచం ఇక్కడ అని చాక్‌పీసుతో గీసి చూపిస్తే ఒకసారి నడిచి చూసుకుంటుంది, రెండోసారికి మనవాళ్లే ఆమె ముందు తడబడతారు. అప్పటిదాకా ఆమె డైలాగులు చదివేది దర్శకుడే.

అందుకే చెప్తున్నా, నువ్వు డైరెక్ట్ చేసే నాటికలో లీడ్ వేయకు. ముందు కూర్చుని చూసేవాడు లేకపోతే ఎక్కడ సాగుతుందో ఎవరికీ తెలియదు, పెద్దవేషం నువ్వే ఉంచుకున్నావని మిగతావాళ్లు లోపల గొణుక్కుంటారు కూడా. పక్కింటాయన వేషమో ఏదో వేసుకో. నటుడిగా ఆకలి తీరాలంటే ఇంకో సమాజంలో, ఇంకో దర్శకుడి చేతి కింద వెయ్యి.

డబ్బుల విషయం ఎక్కువ చెప్పేదేం లేదు, పరిషత్తు వాళ్లిచ్చే పారితోషికం సెట్టు మోసే డీసీఎం వ్యాను కిరాయికీ భోజనాలకే సరి.

కథ ఎంచుకునేటప్పుడు కూడా చూసుకో. నీళ్లల్లో ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకరపోయినవాళ్ల మీద, పాలమూరు వలసల మీద ఏడిపించేవి జడ్జీలకు నచ్చుతాయి. మర్రిగూడ దిక్కు ఒక ఊళ్లో అలాంటిదే వేస్తే, అయిపోయాక ఒక పెద్దాయన "మా కాళ్ల సంగతి మాకెరుకే గాని, ఏమన్న నవ్వొచ్చేది ఉంటే ఎయ్యండి బిడ్డా" అన్నాడు. బాధ చూపించొద్దని కాదు. 1947 నాటి 'మాభూమి' నాటకం ఈ తెలంగాణ రైతుల కథే, కానీ అందులో జనం దొర మీద తిరగబడతారు. ఉత్త ఏడుపు చూడటానికి పని మానుకుని ఎవరొస్తారు?

హైదరాబాద్ వెళ్లనన్న పట్టు మాత్రం కొంచెం సడలించు. సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది, ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్‌ఎస్‌డీ)లో మూడేళ్ల కోర్సుకు స్టైపెండ్ కూడా ఇస్తారు. ఎన్‌ఎస్‌డీకి డిగ్రీతో పాటు నాటకాల్లో వేసిన అనుభవం అడుగుతారు కాబట్టి ఇప్పుడు వేసే ప్రతి వేషానికీ కరపత్రం, సర్టిఫికెట్ దాచిపెట్టుకో. చదివొచ్చి ఇక్కడే సమాజం పెట్టుకో, ఎవరొద్దన్నారు? వీలైతే బీఈడీ కూడా చేసి ఉంచు, ఇంట్లోవాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది.