నంబరు నాదే, ఖాతా మాత్రం ఎవరిది?

ప్రశ్న: మాది కడియం మండలం. రెండెకరాలు కౌలుకి తీసుకుని నర్సరీ నడుపుతున్నాం. క్రోటన్లు, గులాబీలు, మామిడి అంట్లు పెంచుతాం. మొక్కల ఫొటోలు, రేట్లు, లోడు ఎప్పుడు బయల్దేరిందన్న కబురు అంతా ఒక మెసేజింగ్ యాప్‌లోని వ్యాపార ఖాతా నుంచే పంపుతాం. పోయిన నెల ఒక తెల్లవారుజామున 'ఈ నంబరుతో ఈ సేవ వాడుకోవడానికి వీల్లేదు' అని తెర మీద వచ్చింది. రివ్యూ అడిగితే నిబంధనలకు విరుద్ధమని ఒక్క ముక్క జవాబు. కొనుగోలుదారుల వివరాలు, అడ్వాన్సుల లెక్కలు అన్నీ అందులోనే ఉన్నాయి. హైకోర్టులో రిట్ వేయమని ఒకరు, వినియోగదారుల కోర్టుకి వెళ్లమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది దారి?

జవాబు: రిట్‌తో మొదలుపెట్టకండి. రిట్ సాధారణంగా ప్రభుత్వం మీద, ప్రభుత్వం లాంటి బాధ్యతలున్న సంస్థల మీద వేసేది. 2025 అక్టోబరులో వాట్సాప్ ఖాతా నిలిపేశారని ఒకరు నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్తే, వాట్సాప్ ఏమైనా ప్రభుత్వమా, అది వాడుకోవడం ప్రాథమిక హక్కు ఎలా అవుతుంది అని ధర్మాసనం అడిగింది. పిటిషన్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. చట్టంలో వేరే దారులు ఉన్నాయనీ అప్పుడే చెప్పారు. మీకు కావాల్సింది ఆ దారులే.

సిమ్ మీద మీకున్న హక్కు వేరు, ఖాతా మీద ఉన్నది వేరు. సిమ్ కంపెనీ నచ్చకపోతే నంబరు పోకుండా ఇంకో కంపెనీకి మారొచ్చు. దేశమంతా 2011 నుంచీ ఆ వీలుంది. యాప్ ఖాతాకి అలాంటి వీలు కల్పించే చట్టం మన దేశంలో లేదు. అది మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం, రాసింది కంపెనీయే. ఏళ్ల తరబడి పెంచుకున్న పరిచయాలు ఒక కంపెనీ సర్వర్‌లో ఉండిపోవడం, తలుపు మూస్తే కారణం కూడా చెప్పకపోవడం అన్యాయమే. అయితే న్యాయం అడగడానికి ఒక వరస ఉంది.

ముందు ఫోన్ సంగతి. కంగారులో యాప్‌ని తీసేసి మళ్లీ ఎక్కించకండి, 'క్లియర్ డేటా' నొక్కకండి. ఇలాంటి కేసుల్లో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఖాతా మూసినా, యాప్ ద్వారా వచ్చి ఫోన్‌లో దిగిన ఫొటోలు, పీడీఎఫ్‌లు ఫైల్ మేనేజర్‌లో యాప్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఫోల్డర్ మొత్తాన్నీ కంప్యూటర్‌లోకి నకలు తీయండి. నిషేధం సందేశం కనిపిస్తున్న తెరను ఇంకో ఫోన్‌తో, తేదీ సమయం పడేలా ఫొటో తీయండి. రేపు కోర్టులో ఎలక్ట్రానిక్ రుజువు చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి. అందులో ఒక భాగం పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు, మరో భాగం నిపుణుడు నింపాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. అందుకే అసలు ఫైళ్లను దిద్దకుండా, కత్తిరించకుండా ఉంచాలి.

ఇక అసలు పని. 2021 ఐటీ నియమాల్లో 3(2) ప్రకారం ప్రతి మధ్యవర్తి సంస్థకీ, అంటే ఇలాంటి యాప్‌లు నడిపే కంపెనీకీ, ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ అధికారి పేరు, సంప్రదించే తీరు కంపెనీ వెబ్‌సైటులో, యాప్‌లో పెట్టాలి. మీరు యాప్‌లో నొక్కిన రివ్యూ బటన్ ఈ ఫిర్యాదు కిందకి రాదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి అన్నీ ప్రయత్నించామనుకుంటారు. అధికారికి విడిగా ఈమెయిల్ పంపండి. అందులో 91తో మొదలయ్యే మీ పూర్తి నంబరు, ఖాతా ఆగిన తేదీ, సమయం, రివ్యూకి వచ్చిన జవాబు ఫొటో ఉండాలి. అడగాల్సినవి రెండే: ఏ నిబంధనను, ఏ పనితో మీరానో చెప్పండి, అలా చెప్పలేకపోతే ఖాతా తిరిగి తెరవండి. 2022 సవరణ తర్వాత కంపెనీ తన నిబంధనలను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో (తెలుగూ అందులో ఉంది) మనం కోరినదానిలో అందుబాటులో ఉంచాలి, పౌరులకు రాజ్యాంగం ఇచ్చిన హక్కులను గౌరవించాలి. ఈ రెండు మాటలూ ఫిర్యాదులో రాయండి.

ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో రసీదు ఇవ్వాలి. పరిష్కారానికి 2021లో పెట్టిన గడువు 15 రోజులు, 2026 ఫిబ్రవరిలో దాన్ని 7 రోజులకి తగ్గించారు. కాబట్టి ఎనిమిదో రోజున కంపెనీ గడువు మీరినట్టే లెక్క. అక్కడి నుంచి గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లాలి. కేంద్రం 2023లో నియమించిన ఈ కమిటీలకు అప్పీలు జీఏసీ డాట్ గవ్ డాట్ ఇన్ అనే వెబ్‌సైటులో వేయాలి. వ్యవహారమంతా ఆన్‌లైన్‌లోనే, ఢిల్లీ వెళ్లక్కర్లేదు, రాజమండ్రి నుంచి వకీలునీ పెట్టుకోనక్కర్లేదు. అధికారి జవాబు అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు వేయాలి. ఈ తేదీ దాటనివ్వకండి. జవాబే రాకపోతే పంపిన మెయిలు, రసీదు జతచేసి అదే రాయండి. కమిటీ 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని నియమం. ఆ ఉత్తర్వును కంపెనీ పాటించాలి.

అప్పీలులో నిజం రాయండి. ఒకేసారి వందలమందికి రేట్ల పట్టిక పంపే సాఫ్ట్‌వేర్ వాడారా? అసలు యాప్ పేరుతో తిరిగే నకలు యాప్ ఏదైనా ఎక్కించుకున్నారా? మీ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోని కొత్తవాళ్లకి వరసగా మెసేజ్‌లు పెడితే వాళ్లు 'బ్లాక్', 'రిపోర్ట్' నొక్కుతారు. అవి పోగైతే యంత్రమే ఖాతా మూసేస్తుంది. నర్సరీలకి సీజన్‌లో ఇదే జరుగుతుంది. తొలకరికి ముందు ఎక్కడెక్కడి డీలర్ల నంబర్లో తెచ్చి అందరికీ ఒకే ఫొటో పంపుతారు. అలా జరిగి ఉంటే ఒప్పుకుని, ఇక పంపనని రాయండి. దాచిపెట్టిన సంగతి కంపెనీ రికార్డులతో బయటపడితే అప్పీలు బలమంతా పోతుంది.

వినియోగదారుల కమిషన్‌కి (జనం వినియోగదారుల కోర్టు అనేది ఇదే) వెళ్లమన్న సలహా పూర్తిగా తప్పు కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లాభం కోసం చేసే వ్యాపారానికి సేవ తీసుకుంటే వినియోగదారు కాదు గానీ, స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే తీసుకుంటే అవుతారు. ఇంటివాళ్లు, ఒకరిద్దరు పనివాళ్ల సాయం ఉన్నంతమాత్రాన ఆ రక్షణ పోదని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులోనే చెప్పింది. పదిహేనుమంది కూలీలు, నెలకి నలభై లోడ్లు అయితే ఆ మాట నిలవదు. అసలు చిక్కు ఇంకోటుంది. సేవకి ప్రతిఫలం ఇచ్చి ఉండాలి. ఖాతా ఉచితం కాబట్టి కంపెనీ మొదటి వాదన అదే. ప్రకటనలకో, మెసేజ్‌లకో మీరు డబ్బు కట్టి ఉంటే ఆ బిల్లులన్నీ తీయండి, అప్పుడు కేసుకి కాళ్లొస్తాయి. సేవకి చెల్లించింది 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. మీరు ఉంటున్న చోటి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, అంటే రాజమహేంద్రవరంలో. వివాదం మొదలైనప్పటి నుంచి రెండేళ్ల గడువు.

సివిల్ దావా చివరి మాట. ఒక పక్షం ముగించుకునే వీలున్న ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించలేమని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ అంటుంది. ఖాతా తెరవమనే ఇంజంక్షన్‌కి (కోర్టు ఆదేశానికి) అదే పెద్ద అడ్డు. మార్కెట్‌లో పోటీ సక్రమంగా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ సంగతీ కొందరు ఎత్తుతారు. మార్కెట్‌లో పెద్దగా ఉండటం నేరం కాదు, ఆ బలాన్ని దుర్వినియోగం చేయడం తప్పు. 2021 నాటి వాట్సాప్ ప్రైవసీ పాలసీ మీద ఆ కమిషన్ 2024 నవంబరులో వాట్సాప్ యజమాని మెటాకి 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అలాంటి కేసులు అందరికీ మేలు చేస్తాయి గానీ మీ ఒక్క నంబరును తెరిపించవు.

అడ్వాన్సులు ఇచ్చినవాళ్ల విషయం మాత్రం ఈ వారమే చూడండి. యాప్‌లో కుదిరిన బేరం కూడా ఐటీ చట్టం 10ఎ సెక్షన్ ప్రకారం చెల్లే ఒప్పందమే. ఖాతా మూశారన్నది మొక్కలు పంపకపోవడానికి సాకు కాదు. బ్యాంకు, యూపీఐ స్టేట్‌మెంట్లలో జమలు చూసి పేర్లు రాబట్టండి, లారీ ఆఫీసు బిల్లుల్లో కొన్ని నంబర్లు దొరుకుతాయి. ఫోన్ చేసి, మామూలు ఎస్సెమ్మెస్‌లో తేదీ, సరుకు, అందిన మొత్తం రాసి పంపండి. వాళ్ల ఫోన్లలో మీ పాత సంభాషణ అలాగే ఉంటుంది, దాని ఫొటోలు అడిగి తెప్పించుకోండి. నష్టపరిహారం అడిగే రోజున మీకు పనికొచ్చే రుజువు అదే.

ఇంకొకటి. డబ్బిస్తే నంబరు తెరిపిస్తామంటూ ఫోన్లు వస్తాయి. వాళ్లడిగే ఆరంకెల కోడ్ చెప్పారంటే, రేపు ఖాతా తిరిగి తెరుచుకున్నా వాళ్ల చేతుల్లోకి పోతుంది. ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.