మసాజ్ చేయించుకున్నా మెడనొప్పి మళ్లీ వస్తోందా?

మసాజ్ చేయించుకున్న రెండు రోజులకే మెడ, భుజాలు మళ్లీ పట్టేస్తున్నాయని రాశారు. అందులో వింతేమీ లేదండీ. మసాజ్ బిగిసిన కండరాన్ని కాసేపు వదులు చేస్తుంది, అంతే. రోజంతా తల ముందుకు వంచి కూర్చునే అలవాటును అది మార్చలేదు. తల బరువే దాదాపు 5 కిలోలు, వంచేకొద్దీ మెడ మీద భారం పెరుగుతుంది.

అరగంటకోసారి లేవండి. చూపు ఎదురుగా ఉంచి, గడ్డం కింద మడత పడేలా తలను వెనక్కి నెట్టి, 5 సెకన్లు ఆపి వదలండి. ఇలా 10 సార్లు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది గానీ, నాకు పనిచేసింది ఇదే.

మసాజ్ మానక్కర్లేదు. కాకపోతే గట్టిగా నొక్కితేనే గుణం అనుకోవద్దు. ఊపిరి బిగబట్టేంత నొప్పి పుడితే కండరం ఇంకా బిగుసుకుంటుంది. చేయి తిమ్మిరెక్కుతున్నా, చేతి పట్టు తగ్గినా మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి.