ఎనిమిది కోర్లున్నా పదహారు ప్రాసెస్‌లతో ప్రోగ్రామ్ ఎందుకు నెమ్మదిస్తుంది?

ఎనిమిది కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు), పదహారు థ్రెడ్లు (ఒక్కో కోర్‌పై ఒకేసారి నడిచే రెండేసి పనుల వరుసలు) ఉన్న కంప్యూటర్‌లో, పనిని పలు ప్రాసెస్‌లకు పంచే పైథాన్ మల్టీప్రాసెసింగ్ మాడ్యూల్‌తో పదహారు ప్రాసెస్‌లు (విడివిడిగా నడిచే ప్రోగ్రామ్ ప్రతులు) నడిపితే, నాలుగింటితో నడిపినప్పటికంటే ఎక్కువ సమయం పడుతోందని, కారణమేమిటని మీరు అడిగారు. ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ కోసం ఇటువంటి ప్రోగ్రాములను చాలాకాలంగా నడుపుతున్నాను. మీ పనిలో నంపై (పైథాన్‌లో సంఖ్యల లెక్కలకు వాడే లైబ్రరీ) మాత్రికల గుణకారం ఉందన్నారు కాబట్టి మొదట చూడవలసింది దానినే.

నంపై ఆ గుణకారాన్ని సాధారణంగా ఓపెన్‌బ్లాస్ వంటి, మాత్రికల లెక్కలను వేగంగా చేసే మరో లైబ్రరీకి అప్పగిస్తుంది. మనం అడగకపోయినా ఆ లైబ్రరీ కంప్యూటర్ మొత్తానికి సరిపడా థ్రెడ్లను తెరుస్తుంది. మీ పదహారు ప్రాసెస్‌లలో ఒక్కొక్కటీ పదహారు థ్రెడ్లు తెరిస్తే, 256 థ్రెడ్లు ఎనిమిది కోర్ల కోసం పోటీపడతాయి. వాటిని మార్చి మార్చి నడపడంలోనూ, ఒకటి క్యాష్‌లో (ప్రాసెసర్‌లోని చిన్న, వేగవంతమైన మెమరీలో) ఉంచుకున్న డేటాను మరొకటి తొలగించడంలోనూ కాలం వృథా అవుతుంది. నంపైని ఇంపోర్ట్ చేసే వరుసకు ముందే ఓఎంపీ_నమ్_థ్రెడ్స్ (OMP_NUM_THREADS) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్ బయటి నుంచి చదువుకునే సెట్టింగ్) విలువను 1గా పెట్టండి. నా ప్రోగ్రాములలో అన్నింటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు ఇదే.

ఆ తరువాత ప్రాసెస్‌ల సంఖ్యను ఎనిమిదికి తగ్గించండి. ఒకే కోర్‌పై నడిచే రెండు థ్రెడ్లు గణిత యూనిట్లను పంచుకుంటాయి కనుక, లెక్కల భారం ఎక్కువగా ఉన్న పనికి మిగిలిన ఎనిమిదింటి వల్ల కలిసివచ్చేది స్వల్పం. పనిని పలు ప్రాసెస్‌లకు పంచి నడిపే ఓపెన్ ఎంపీఐ అనే సాఫ్ట్‌వేర్ సైతం మామూలుగా థ్రెడ్లను కాక కోర్లనే లెక్కిస్తుంది.

ఇంతచేసినా వేగం పెరగకపోతే, అడ్డుపడుతున్నది ప్రాసెసర్ కాదు, మెమరీ అయివుండవచ్చు. రెండు పెద్ద చిత్రాలను కూడడం వంటి పనిలో లెక్క చిన్నది, తెచ్చుకోవలసిన డేటా పెద్దది. కొద్ది కోర్లే మెమరీ మార్గాన్ని నింపివేస్తాయి గనుక మిగిలినవి ఎదురుచూస్తూ కూర్చుంటాయి. అందుకే ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది ప్రాసెస్‌లతో విడివిడిగా సమయం కొలవాలని నేను గట్టిగా చెబుతాను. వేగం పెరగడం ఎక్కడ ఆగితే మీ పనికి తగిన సంఖ్య అక్కడే ఉంటుంది.

ప్రాసెస్‌ల మధ్య డేటా పంపే పద్ధతినీ పరిశీలించండి. మల్టీప్రాసెసింగ్ పంపే ప్రతి వస్తువునూ పికిల్ చేసి (బైట్ల వరుసగా మార్చి), అవతలివైపు మళ్లీ విప్పుతుంది. పెద్ద చిత్రాన్ని పంపడానికి బదులు ఫైల్ పేరు పంపి, ప్రతి ప్రాసెస్ తన భాగాన్ని తానే చదువుకునేలా రాయడం మేలు. అది కుదరనిచోట పైథాన్ 3.8 నుంచి అందుబాటులో ఉన్న షేర్డ్ మెమరీ మాడ్యూల్ (ఒకే మెమరీని పలు ప్రాసెస్‌లు పంచుకునే వీలు) వాడవచ్చు.

చివరిగా, 1967లో కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్‌డాల్ చూపిన పరిమితి ఒకటుంది. పనిలో పది శాతం ఒక్క ప్రాసెస్‌లోనే జరగవలసి ఉంటే, ఎనిమిది కోర్లతో దక్కే వేగం ఎనిమిది రెట్లు కాదు, దాదాపు 4.7 రెట్లు మాత్రమే. మీ ప్రోగ్రామ్‌లో ఫలితాలన్నింటినీ ఒకే ఫైల్‌లోకి రాసే భాగం అటువంటిదే కాబట్టి, దానికి పట్టే సమయాన్ని విడిగా కొలిచి చూడండి.