చివరి మూడు ఔట్ల మనిషి గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు పిచర్ (బంతి విసిరేవాడు) మరియానో రివేరా మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి చేతిలో పెన్సిల్ పట్టుకుని. ముప్ఫై ఏళ్ళు స్పోర్ట్స్ డెస్కులో రాత్రి డ్యూటీ చేసినవాణ్ణి నేను. అమెరికాలో ఆట మొదలయ్యే వేళకి ఇక్కడ మా ఎడిషన్ అచ్చయి వ్యాన్లెక్కేది. బేస్‌బాల్‌కి మా పేజీలో సింగిల్ కాలమ్ దక్కడం కూడా గగనమే. అలాంటి ఆటలో, అందులోనూ ఒక రిలీఫ్ పిచర్ మీద తెలుగులో రాయడానికి ఒకమ్మాయి కూర్చుందంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను.

మొదటి పేరాలోనే 652 సేవ్‌లు, 1,115 మ్యాచ్‌లు, అయిదు వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) గెలుపులు అని గుమ్మరించావు. సేవ్ అంటే ఏమిటో తెలియని పాఠకుడికి 652 అయినా 65 అయినా ఒకటేనమ్మా. ముందు ఆ మనిషి చేసే పనేమిటో చూపించు. ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానిలో ఒక్కో జట్టుకి మూడు ఔట్లు. ఆట మొదలుపెట్టే పిచర్, అంటే స్టార్టర్, అయిదారు ఇన్నింగ్స్ లాక్కొచ్చి అలిసిపోతాడు. ఒకసారి బయటికి పంపితే అతను ఆ రోజు మళ్ళీ ఆటలోకి రాలేడు. అప్పుడు వచ్చేవాళ్ళు రిలీఫ్ పిచర్లు, వాళ్ళలో చిట్టచివర వచ్చేవాడు క్లోజర్. సాధారణంగా మూడు పరుగులో అంతకన్నా తక్కువో ఆధిక్యం ఉండగా వస్తాడు. ఆ ఆధిక్యం పోకుండా చివరి మూడు ఔట్లూ తీస్తే అతని ఖాతాలో ఒక సేవ్ పడుతుంది. ఈ లెక్క అధికారికంగా మొదలైంది 1969లో. రివేరా పుట్టిందీ ఆ ఏడాదే.

నువ్వు ఆఖరి ఓవర్ వేసే బౌలర్‌తో పోల్చావు. పోలిక ఉండనీ, మనవాళ్ళకి చప్పున అందుతుంది. కానీ ఒక తేడా రాయాలి. మన బౌలర్ అంతకుముందు రెండు మూడు ఓవర్లు వేసి ఉంటాడు, పిచ్ ఎలా ఉందో వాడి వేళ్ళకి తెలుసు. రిలీఫ్ పిచర్ చేయి అప్పటిదాకా ఆటలో పెట్టలేదు. మైదానం అంచున బుల్‌పెన్ అనే దొడ్డిలో గంటల తరబడి కూర్చుంటాడు. అక్కడో టెలిఫోన్ ఉంటుంది. డగౌట్ (జట్టు, మేనేజర్ కూర్చునే చోటు) నుంచి ఫోనొస్తే లేచి చేయి కాగేదాకా నాలుగు బంతులు వేసుకుంటాడు. ఒక్కోసారి అలా వేడెక్కాక కూడా పిలుపు రాదు, మళ్ళీ కూర్చోవాలి. ఆ బంతులు ఏ రికార్డులోనూ ఉండవు.

నీ వ్యాసంలో ఈ ఎదురుచూపు ఒక్క వాక్యం కూడా లేదు. రివేరా పంతొమ్మిది సీజన్లలో వేసింది దాదాపు 1,284 ఇన్నింగ్స్. అంటే మ్యాచ్‌కి ఒక ఇన్నింగ్స్ కన్నా కాస్త ఎక్కువ. మిగతా సమయమంతా ఏమైంది? అతని ఉద్యోగంలో పెద్ద భాగం కూర్చోవడమే. దాని గురించి రాయకపోతే అతని జీవితంలో సగం రాసినట్టే. నిన్న ఆట పోగొట్టి ఇవాళ అదే బెంచీ మీదికొచ్చి కూర్చోవడం, మళ్ళీ ఫోన్ మోగుతుందేమోనని చెవొగ్గి ఉండటం, ఇదంతా రాయి.

పనామాలోని ప్వెర్టో కైమీటో భాగాన్ని తొందరగా దాటేశావు. అక్కడ ఆగు. అది చేపల ఊరు. తండ్రి పడవ కెప్టెన్. పిల్లలు పాల డబ్బాల అట్టతో గ్లవ్స్ చేసుకునేవాళ్ళు, చెట్టు కొమ్మలే బ్యాట్లు, చిరిగిన వలల ఉండకి టేపు చుడితే బంతి. ఉప్పాడలోనో బాపట్ల తీరాన సూర్యలంకలోనో పాత వలల కుప్ప పక్కన పెరిగిన పాఠకుడు ఒక్కడున్నా చాలు, ఆ బంతి వాడి చేతికి తగులుతుంది. పడవ మీద పనిచేస్తూ అది తిరగబడితే దూకి బతికిన కుర్రవాడు, 1990లో యాంకీస్ సంతకం చేయించుకునే నాటికి పిచర్‌గా అతనికున్న అనుభవం అంతంతమాత్రం. అతను ఆడేది షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్. ఒక రోజు జట్టు పిచర్ తేలిపోతుంటే నేను వేస్తానని ముందుకొచ్చాడు. 1995లో పెద్ద లీగులోకి వచ్చింది కూడా స్టార్టర్‌గానే, ఆ పనిలో నిలదొక్కుకోలేకపోయాడు. నువ్వు దీన్ని వైఫల్యం అని రాశావు. ఆ మాట కొట్టేశాను. ఈ వృత్తిలోకి చాలామంది వచ్చే దారే అది. చిన్నప్పుడే రిలీఫ్ పిచర్ అవుతానని కలగనేవాళ్ళు తక్కువ.

కట్టర్ (చివర్లో పక్కకి జరిగే వేగమైన బంతి) గురించి రాసిన పేజీ బాగుంది. 1997 జూన్, డెట్రాయిట్, సహచరుడు రమీరో మెండోజాతో మామూలుగా బంతి విసురుకుంటుంటే అది తనంతట తానే చివర్లో పక్కకి జరగడం మొదలైంది. పట్టుకోలేక మెండోజా విసుక్కున్నాడు. కోచ్ మెల్ స్టాటిల్‌మైర్, రివేరా కలిసి కొన్ని వారాలు దాన్ని తిన్నగా పోయేట్టు చేయాలని చూశారు! నువ్వు ఈ సంగతి వదిలేశావు. నాకు మాత్రం కథంతా ఇక్కడే ఉంది. ఏ బంతిని సరిచేద్దామని చూశారో, ఆ బంతి మీదే మిగతా పదహారేళ్ళు బతికాడు. ఎడమచేతి బ్యాటర్ చేతుల్లోకి దూసుకొచ్చి బ్యాట్ పిడి దగ్గర తగిలేది, కర్ర ఫట్టున విరిగేది. 2013లో అతని చివరి సీజన్‌లో మిన్నెసోటా జట్టు వాళ్ళు విరిగిన బ్యాట్లతోనే ఒక ఊగుడు కుర్చీ చేయించి బహుమతిగా ఇచ్చారు. నీ వ్యాసంలో ఆ కుర్చీ ఉండి తీరాలి.

ఇప్పుడు అసలు సంగతి. 2001 నవంబర్ 4, ఫీనిక్స్, అరిజోనా జట్టుతో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్. దీన్ని నువ్వు నాలుగు లైన్లలో ముగించావు. అభిమానం కొద్దీ అలా చేశావని నాకు తెలుసు, ఆ వయసులో నేనూ అదే చేసేవాణ్ణి. కానీ అభిమానించే మనిషి ఓడిన రాత్రిని కుదించకూడదు తల్లీ. అప్పటికి ప్లేఆఫ్స్‌లో వరసగా 23 సేవ్‌లు. 2-1 ఆధిక్యం. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ముగ్గుర్ని స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రైకులతో ఔట్ చేశాడు. తొమ్మిదిలో అరిజోనా బ్యాటర్ మార్క్ గ్రేస్ సింగిల్ కొట్టి మొదటి బేస్ చేరాడు. తర్వాతివాడు నెమ్మదిగా తోసిన బంతిని రివేరా తనే పట్టి రెండో బేస్‌కి విసిరితే అది అదుపు తప్పి వెనక్కి పోయింది. టోనీ వోమాక్ రెండో బేస్ దాకా చేరే దెబ్బ (డబుల్) కొట్టడంతో స్కోరు సమం. మూడు బేస్‌లూ అరిజోనా వాళ్ళతో నిండాయి, పరుగు ఆపాలని ఇన్‌ఫీల్డర్లు (బేస్‌ల దగ్గరి ఫీల్డర్లు) ముందుకొచ్చి నిలబడ్డారు. లూయిస్ గొంజాలెజ్‌కి వేసింది మంచి కట్టరే, ఎప్పటిలాగే చేతుల్లోకి పోయింది. కానీ బంతి బలం లేకుండా గాల్లోకి లేచి యాంకీస్ షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్ తల మీదుగా గడ్డి మీద పడింది, అరిజోనాకి గెలుపు పరుగు వచ్చేసింది. జీటర్ మామూలు చోట ఉండి ఉంటే దొరికేదే.

ఇందులో ఏది తప్పు, ఏది ఖర్మ అని నువ్వు తీర్పు చెప్పకు. ఆ విసురు తప్పే, అది రాయి. ఆఖరి బంతి మంచిదే, అదీ రాయి. రెండూ పక్కపక్కన పెట్టి తప్పుకో. మరుసటి ఏడు అతను మళ్ళీ ఆ బుల్‌పెన్‌లోకే వచ్చి కూర్చున్నాడు. ప్లేఆఫ్స్‌లో మొత్తం 141 ఇన్నింగ్స్ వేసి, తన లెక్కలో పడిన పరుగులు 11 మాత్రమే ఇచ్చాడన్న సంగతి అప్పుడు చెప్పు, దాని బరువు పాఠకుడికి అప్పుడు తెలుస్తుంది.

2012 మేలో కాన్సస్ సిటీలో ప్రాక్టీసు వేళ బంతి వెనక పరుగెత్తి మోకాలి లిగమెంట్ తెంచుకోవడం, 43 ఏళ్ళ వయసులో తిరిగొచ్చి 44 సేవ్‌లు చేయడం నువ్వు చక్కగా రాశావు, ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

ముగింపు మార్చాలి. 2019లో బేస్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌కి 425 ఓట్లలో 425 పడ్డాయని, అలా ఏకగ్రీవంగా ఎన్నికైన మొదటివాడని చెప్పి ఆపావు. నిజమే, పెద్ద గౌరవమే. దాన్ని నాలుగు పేజీలు ముందుకి జరుపు. చివరికి 2013 సెప్టెంబర్ 26 రాత్రిని తీసుకురా. యాంకీ స్టేడియం, యాంకీస్ ఓడిపోతున్నారు, కాపాడటానికి ఆధిక్యమే లేదు. అయినా వచ్చి నలుగురు బ్యాటర్లని ఔట్ చేశాడు. బంతి తీసుకోవడానికి మేనేజర్‌కి బదులు పాత సహచరులు జీటర్, ఆండీ పెటిట్ నడుచుకుంటూ వచ్చారు. పెటిట్ భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. ఆట అయిపోయాక ఒక్కడే పిచర్ నిలబడే మట్టి దిబ్బ దగ్గరికి వెళ్ళి, వంగి పిడికెడు మట్టి తీసుకున్నాడు.

సవరించిన ప్రతి దసరాలోపు పంపమ్మా. మొత్తం సిద్ధం కాకపోతే ముందు బుల్‌పెన్ భాగం, ఫీనిక్స్ రాత్రి పంపు. ఆ రెండింటి కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి
విజయవాడ