టెక్ సందేహాలు: స్పీడు పెంచితే బొమ్మ రైలు హెడ్‌లైట్ ఆరిపోతోంది

ప్రశ్న: ఐసీఎఫ్‌లో (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) చేసి రిటైరయ్యాను. మనవడి కోసమని హెచ్‌ఓ స్కేల్ (అసలు సైజులో 87వ వంతు) బొమ్మ డీజిల్ ఇంజన్ కొని, మన రైల్వే రంగులు వేసి, డీసీసీ డీకోడర్ (కంట్రోలర్ పట్టాల గుండా పంపే డిజిటల్ ఆర్డర్లు చదివి మోటారు, లైట్లు నడిపే చిన్న సర్క్యూట్) పెట్టాను. స్పీడు పెంచుతుంటే హెడ్‌లైట్ ఒక మెట్టుకి వెలుగుతుంది, తర్వాతి మెట్టుకి ఆరిపోతుంది. డీకోడర్ పోయినట్టేనా? పైగా లైట్లు టార్చిలైటులా కొడుతున్నాయి. అసలు ఇంజన్‌లా కనపడాలంటే ఏం చేయాలి బాబూ?
– ఓ పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: మనవడి పేరు చెప్పి కొనుక్కున్నవాళ్లలో మీరు మొదటివారేం కాదు బాబాయిగారూ, కానివ్వండి.

డీకోడర్ పోలేదు, కొత్తది కొనకండి. కంట్రోలర్ 28 మెట్ల లెక్కలో ఆర్డరు పంపుతుంటే డీకోడర్ దాన్ని 14 మెట్ల లెక్కలో చదువుకుంటోంది, అంతే. 14 మెట్ల పద్ధతిలో స్పీడు ఆర్డరులోనే ఒక బిట్‌ని (0 లేదా 1 అనే ఒక్క అంకెని) హెడ్‌లైట్‌కి ఇచ్చారు, 28 మెట్లలో అదే బిట్‌ని స్పీడుకి వాడేసుకున్నారు. అందుకే మీరు ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ఆ బిట్ మారుతుంది, మీ డీకోడరేమో లైటు వెయ్యమన్నారు, మళ్లీ ఆర్పమన్నారు అనుకుంటుంది పాపం.

సీవీ 29 చదవండి (సీవీ అంటే డీకోడర్‌లో ఒక్కో సెట్టింగు దాచుకునే నంబరు గది). అక్కడ 4 ఉంటే 6 చేయండి. నాలుగంకెల అడ్రస్ (ఇంజన్‌ని పిలిచే నంబరు) పెట్టుకుని ఉంటే 36 కనపడుతుంది, దాన్ని 38 చేయండి. అంటే ఉన్నదానికి 2 కలపడమే. చూడకుండా 6 కొట్టేశారనుకోండి, పెద్ద అడ్రస్ పనిచేయడం మానేసి ఇంజన్ మళ్లీ చిన్న అడ్రస్‌కే పలుకుతుంది. కొత్త డీకోడర్లలో అది మామూలుగా 3 ఉంటుంది.

ఇక టార్చిలైటు సంగతి. మీ పాత డీజిళ్ల బల్బులో ఫిలమెంటు ఎర్రబడి, పసుపెక్కి, అప్పుడు పూర్తిగా వెలిగేది కదా, ఎల్‌ఈడీకి ఆ తాత్సారం లేదు, టక్కున వెలుగుతుంది, పైగా నీలం ఛాయ. రిచీ స్ట్రీట్‌లో వార్మ్ వైట్ ఎల్‌ఈడీలు అడగండి, రెసిస్టర్ 1 కిలో ఓమ్ బదులు 4.7 కిలో ఓమ్ వేసి చూడండి, సగం పని అక్కడే అయిపోతుంది. ఎల్‌ఈడీ పొడుగు కాలు డీకోడర్ నీలం తీగకి, రెండో కాలు ముందు లైటుకైతే తెల్ల తీగకి, వెనక లైటుకైతే పసుపు తీగకి. రెసిస్టర్ మర్చిపోయి నేనొకసారి కలిపాను, చిటుక్కుమని ఒక్క చప్పుడు, అంతే సంగతులు.

మెల్లగా వెలిగి మెల్లగా ఆరే ఎఫెక్టు చాలా డీకోడర్ల మెనూలో ఉంటుంది. కానీ నెట్‌లో దొరికిన నంబర్లు ఎక్కించకండి. సౌండ్‌ట్రాక్స్ సునామీ డీకోడర్లలో సీవీ 49 ముందు లైటు ఎఫెక్టుది, ఈఎస్‌యూ డీకోడర్లలో అదే నంబరు కింద మోటారు లోడ్ కంట్రోల్ ఉంటుంది. లైటు సర్దబోతే బండి నడకే పాడవుతుంది. జేఎంఆర్‌ఐ వాళ్ల డీకోడర్‌ప్రో సాఫ్ట్‌వేర్ ఉచితం, మీ డీకోడర్ మోడల్ ఎంచుకుంటే నంబర్ల గోల లేకుండా పేర్లతోనే చూపిస్తుంది. కంప్యూటర్‌కి కలిపే పెట్టె లేకపోతే ఆర్డువినో మెగా అనే చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద పెట్టే మోటర్ షీల్డ్ తెచ్చి డీసీసీ-ఈఎక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవచ్చు.

మెనూలో మార్స్ లైట్ (ఊగుతున్నట్టు వెలిగే లైటు) అని ఒకటి ఊరిస్తుంది. అది అమెరికా ఇంజన్లది, మన రంగులేసిన బండికి వద్దు. మీరు పెట్టాల్సింది పసుపు ఫ్లాషర్: ఆకుపచ్చ తీగకి ఆంబర్ ఎల్‌ఈడీ, దానికి బ్లింక్ ఎఫెక్టు, విడిగా ఒక బటన్. ఫ్లాషర్ వేశారంటే పక్క లైన్లో వచ్చే బండి ఆగాలని మీకు నేను చెప్పక్కర్లేదు. అందానికని అది ఎప్పుడూ కొట్టుకుంటూ పరిగెత్తే మోడళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద మాత్రం ఒక్క ఇంజనే ఉంచండి. అక్కడ అడ్రస్ చూడదు, పట్టాల మీద ఎన్నుంటే అన్నిటికీ రాసేస్తుంది. నా మూడు ఇంజన్లూ ఓ ఆదివారమంతా ఒకే నంబరుకి కదిలాయి.