పెరటి మట్టిని తవ్వాలా, కప్పాలా?

ప్రశ్న: మా పెరట్లో 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న ఖాళీ స్థలం కలుపుతో నిండి గట్టిపడిపోయింది. పర్మాకల్చర్ పద్ధతిలో, అంటే ప్రకృతి తీరును అనుసరించి తోటను రూపొందించుకునే విధానంలో, కూరగాయలు పండించాలని కోరిక. స్థలమంతా లోతుగా తవ్వించి ఒకేసారి మొక్కలు వేయవచ్చా?

జవాబు: దయచేసి తవ్వించకండి. 1970లలో ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ రూపొందించిన ఈ విధానంలో పార పట్టే ముందు పరిశీలన ఉంటుంది. ఎండ ఎక్కడ ఎంతసేపు ఉంటోందో, వాన నీరు ఎటు పారి ఎక్కడ నిలుస్తోందో కొన్ని వారాల పాటు చూసి రాసుకోండి. టమాటా, వంగ వంటి వాటికి రోజుకు కనీసం 6 గంటల ఎండ కావాలి. ఆకుకూరలకు అంతకంటే తక్కువైనా చాలు.

ఆ తర్వాత వంటగదికి దగ్గరగా, 4 అడుగుల వెడల్పుతో ఒక్క మడి మాత్రమే మొదలుపెట్టండి. ఆ వెడల్పైతే రెండు వైపుల నుంచీ చేయి మధ్యకు అందుతుంది కనుక మడిలో కాలు పెట్టి మట్టిని అణగదొక్కవలసిన అవసరం రాదు. నేలను తిరగవేస్తే శిలీంధ్రాల తంతువులు తెగిపోవడమే కాక, లోపల నిద్రాణంగా ఉన్న కలుపు విత్తనాలు వెలుతురు తగిలి మొలుస్తాయి. మీ మట్టి మరీ గట్టిగా ఉందంటున్నారు కాబట్టి, నీరు పెట్టి పదును వచ్చాక పలుగు గుచ్చి కాస్త కదిపి వదిలేయండి.

ఇక కలుపును నేలమట్టానికి కోసి అక్కడే పరచండి. టేపులు తీసేసిన అట్టపెట్టెల ముక్కలను, ఒకదాని అంచు మరొకదానిపై అరడుగు ఎక్కేలా పేర్చి, బాగా తడపండి. దానిపై 4 నుంచి 6 అంగుళాల మాగిన కంపోస్టు, ఆపైన 3 అంగుళాల ఎండుటాకులు వేయండి. వెలుతురు అందక చాలా రకాల కలుపు చచ్చిపోతుంది; అట్ట నాని కుళ్లేకొద్దీ వానపాములు దాన్ని మట్టిలో కలుపుతాయి. తుంగ మాత్రం అట్టను చీల్చుకుని వస్తుంది. మీ స్థలంలో అది ఉంటే గడ్డలను ముందే ఏరివేయండి, ఈ ఒక్కచోట తవ్వక తప్పదు.

నారు నాటేటప్పుడు ఆకుల పొర కాండానికి 2 అంగుళాల దూరంలో ఉండాలి, ఆనుకుంటే కాండం కుళ్లుతుంది. టమాటా మొక్కల పక్కన చిక్కుడు జాతి మొక్కలు వేయండి. వాటి వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది, కాపు అయ్యాక వేళ్లను నేలలోనే వదిలేస్తే అందులో కొంత తర్వాతి పంటకు అందుతుంది. పేనుబంక కనిపించగానే మందు చల్లకండి, దాన్ని తినే అక్షింతల పురుగులు వచ్చేందుకు కొన్ని రోజులు ఆగండి. ఆకుల పొర పలచబడినప్పుడల్లా మళ్లీ వేస్తూ, ఈ మడి కుదురుకున్నాకే రెండోదానికి అట్టలు పరచండి.