కంపెనీ చేసిన చెరువు పని గురించి వెబ్‌సైట్‌లో ఎలా రాస్తే జనం నమ్ముతారు?

మీ కంపెనీ ఒక ఊరి చెరువులో పూడిక తీయించింది, దాన్ని వెబ్‌సైట్‌లో కథలా రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదన్నారు. కడపలో ఉండి ఇలాంటి పేజీలు రాసి బతికేవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు జేసీబీకి కొబ్బరికాయ కొడుతున్న ఎండీ గారి ఫొటో పక్కన పెట్టేయండి. ఊళ్లోకి పోయి నీరుగంటి, అంటే చెరువు నీళ్లు చేలకు వదిలే మనిషి, ఎవరో కనుక్కోండి. ఒక సిమెంటు ఫ్యాక్టరీ కోసం రాసేటప్పుడు అలాంటి పెద్దాయనతో కట్ట మీద కూర్చున్నాను. మరువ (చెరువు నిండాక మిగులు నీరు పోయే చోటు) చివరిసారి ఎప్పుడు పారింది, ఒండ్రుమట్టి ఎవరెవరి చేలకు పోయింది, ట్రాక్టరు బాడుగ ఎవరు పెట్టుకున్నారు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చివర్లో "పూడిక తీసినారు సరే నాయనా, తూము తలుపు తుప్పు పట్టిపోయింది, అదెవరు మార్చాల?" అన్నాడు. ఆ మాట తీసేయమని ఆఫీసులో పట్టుబట్టారు, నేను ఉండాల్సిందే అన్నాను. చివరికి "తూము మరమ్మతు వచ్చే వేసవిలో చేస్తాం" అని కింద ఒక వాక్యం చేర్చి ఉంచారు. ఊళ్లోవాళ్లు ఆ పేజీని వాట్సాప్‌లో పంచుకున్నది ఆ ఒక్క వాక్యం కోసమే. రాసిచ్చినారు కదా, ఇంక చేయకుండా ఎట్లా పోతారు అని!

ఇలా లెక్క, లోటు రెండూ చెప్పడం మన దగ్గర పాత అలవాటే. బద్వేలు వైపు పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువు కట్టించింది విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు. శాసనంలో వంశాన్ని పొగడడం ఉంది, కాదనను. కానీ రోజూ 1000 మంది కూలీలు పనిచేశారని, రాళ్లు తోలడానికి 100 బండ్లు పెట్టారని, రెండేళ్లు పట్టిందని కూడా ఉంది. మంచి చెరువుకు కావాల్సిన 12 అంగాలు చెప్పి, ఆగకుండా 6 దోషాలు కూడా చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, నీళ్లు కొంచెమై సాగునేల ఎక్కువ కావడం లాంటివి. ఇప్పటి సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) పేజీల్లో దోషం అనే మాట నాకు ఎక్కడా కనపడలేదు.

అంకెల సంగతి. "ఇన్ని కోట్ల లీటర్లు ఆదా" అంటే రైతుకు ఏమీ అర్థం కాదు. ఎన్ని ఎకరాలకు తడి అందింది, పని కాకముందు ఏప్రిల్లో బోరులో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉండేవి, తర్వాతి ఏప్రిల్లో ఎన్ని అడుగులు అని రాయండి. పక్కనే ఆ రెండేళ్ల వాన లెక్క పెట్టండి. 2021 నవంబరులో మా జిల్లాలో కురిసినట్టు కురిస్తే బోర్లు వాటంతట అవే నిండుతాయి. ఆ ఘనత పూడికతీతదని రాస్తే ఊళ్లో నవ్విపోతారు.

"ఉదారంగా" అనే మాట అసలు వాడొద్దు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, ఆ పరిధిలోకి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి సీఎస్ఆర్ పనులకు ఖర్చు పెట్టాలి. అది దానం కాదు. పర్యావరణ అనుమతి షరతు ప్రకారం ఫ్యాక్టరీ చుట్టూ పెంచే గ్రీన్‌బెల్ట్ కూడా అంతే, దాన్ని సేవాకార్యక్రమంగా చూపించొద్దు. పైగా 2024 అక్టోబరులో గ్రీన్‌వాషింగ్ (పర్యావరణానికి మేలు చేస్తున్నట్టు ఉత్తుత్తిగా చెప్పుకోవడం) మీద కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. ఆధారం లేకుండా "ఎకో ఫ్రెండ్లీ", "గ్రీన్" అని ప్రచారం చేసుకుంటే చిక్కులే. మీ లీగల్ వాళ్లకు ఈ ముక్క చూపిస్తే మిగతా వాదన మీకు తేలికవుతుంది.

తెలుగు పేజీని ఇంగ్లీషు పేజీ నుంచి అనువాదం చేయించకండి, ముందు తెలుగులోనే రాయండి. పెట్టే ముందు నీరుగంటికి, ఆయకట్టు రైతులిద్దరికి చదివి వినిపించి, ఫొటోలకు ఒప్పుకోలు తీసుకోండి. వాళ్లు "ఇది కాదు" అన్నచోట మార్చాకే మేనేజరుకు పంపండి. వరస తిరగేస్తే మాత్రం, మేనేజరు ఓకే అన్నాక మార్చడం ఎవరి వల్లా కాదు.